కమతం చిన్నదా, చిన్న చేశారా?

వ్యవసాయం గురించి మన దేశంలో రెండు వాదాలు ఏండ్ల తరబడి పోట్లాడుకుంటున్నాయి. చిన్న కమతం గిట్టుబాటు కాదు, దాన్ని పెద్ద కమతంలో కలిపితే తప్ప రైతు బాగుపడడు అన్నది ఒకటి. చిన్న రైతే ఎకరానికి ఎక్కువ పండిస్తాడు, అతన్ని భూమి మీదినుంచి కదిలించొద్దు అన్నది రెండోది. మొదటిది కంపెనీలకు, పెద్ద రైతులకు, భూమి వ్యాపారులకు అక్కరకొస్తుంది. రెండోదాన్ని వామపక్ష మేధావులు, పర్యావరణవాదులు, స్వచ్ఛంద సంస్థలు ఇష్టపడతాయి. సెమినార్లలో ఈ రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుంటాయి. కానీ ఒక్క విషయంలో వాటికి పేచీ లేదు. ఇద్దరి లెక్కల్లోనూ చిన్న రైతుకు కులం లేదు. ఎకరాలుంటాయి, క్వింటాళ్ళుంటాయి, కూలిదినాలుంటాయి. ఆ ఎకరం ఊరికి ఏ దిక్కున ఉంది, ఎవరు వద్దనుకుంటే మిగిలింది, దాన్ని దున్నే ఎద్దులు ఎవరివి అన్న ప్రశ్నలుండవు.

ఈ ప్రశ్నలు వేయకుండా నారాయణఖేడ్ వ్యవసాయం అర్థం కాదు. అందుకే 1918లో అంబేడ్కర్ రాసిన ఒక వ్యాసాన్ని పట్టుకుని నారాయణఖేడ్ చెలకలను చూద్దాం. ఆ చెలకల మీద నిలబడి ఆ వ్యాసాన్నీ పరీక్షిద్దాం. అంబేడ్కర్‌ను దండ వేసి దండం పెట్టడానికి కాదు గదా మనం చదివేది.

వైశాల్యం ఒక్కటే కొలత కాదు

అంబేడ్కర్ 1917లో లండన్ నుంచి తిరిగొచ్చారు. మరుసటి సంవత్సరం ఇండియన్ ఎకనమిక్ సొసైటీ పత్రికలో భారతదేశపు చిన్న కమతాల మీద, వాటికి చెబుతున్న విరుగుడుల మీద వ్యాసం రాశారు. అప్పుడు బరోడా సంస్థానంలోనూ బొంబాయి రాష్ట్రంలోనూ ముక్కలైన పొలాలను ఒకచోట చేర్చాలనే చర్చ జోరుగా నడుస్తోంది. అధికారులు, ప్రొఫెసర్లు 'గిట్టుబాటు కమతం' అంటే ఎంత అని లెక్కలు కడుతున్నారు. ఒక కుటుంబం సుఖంగా బతకడానికి ఎంత భూమి కావాలో అంత అన్నది వాళ్ళ నిర్వచనం.

అంబేడ్కర్ ఈ నిర్వచనాన్నే తప్పుబట్టారు. కమతాన్ని తిండి వైపు నుంచి కొలవొద్దు, ఉత్పత్తి వైపు నుంచి కొలవండి అన్నారు. భూమి ఒక్కటే పండదు. దానికి శ్రమ కావాలి, పశువులు కావాలి, పనిముట్లు కావాలి, పెట్టుబడి కావాలి. రైతు చేతిలో ఉన్న ఈ మిగతా సాధనాలకు తగినంత ఉంటే ఆ కమతం సరైనది, లేకుంటే కాదు. అందుకే వట్టి వైశాల్యం చూసి ఇది చిన్నది, ఇది పెద్దది అని చెప్పలేం. ఇక్కడినుంచి ఆయన ఇంకో అడుగు వేసి, ఆ కాలపు పండితులకు విడ్డూరంగా తోచే మాట చెప్పారు: పశువులూ పనిముట్లూ ఇంత తక్కువగా ఉన్న దేశంలో ఇప్పుడున్న కమతాలు సాధనాలతో పోలిస్తే పెద్దవే!

భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువై పనిలేని చేతులు పెరగడమే అసలు జబ్బు అని ఆయన నిర్ధారణ. పొలాలను కలిపేసినంత మాత్రాన ఆ చేతులకు పని దొరకదు. పరిశ్రమలు రావాలి, మిగులు శ్రమ అటు పోవాలి, అప్పుడు కమతాలు వాటంతటవే పెరుగుతాయి. ఇదీ ఆయన చెప్పిన మందు.

ఈ వ్యాసంలో కులం ప్రస్తావన లేదు. కానీ కులాన్ని లెక్కలోకి తెచ్చే తలుపును ఈ వ్యాసమే తెరిచింది. కమతం చిన్నదో పెద్దదో తేల్చేవి మిగతా సాధనాలే అయినప్పుడు, ఆ సాధనాలను ఊళ్ళో ఎవరికెంతో పంచింది ఎవరు? మార్కెట్టా? కాదు, కులం.

లావుణి పట్టా ఎక్కడినుంచి వచ్చింది

1956 దాకా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. భాషల లెక్కన రాష్ట్రాలు విడిపోయినప్పుడు మెదక్ జిల్లాలోకి వచ్చింది. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఒకవైపు కర్ణాటక, మరోవైపు మహారాష్ట్ర. నల్లరేగడి ఉంది, ఎర్ర చెలక ఉంది. పత్తి, కంది, పెసర, మినుము, సోయా వానాకాలం పంటలు. జొన్న, శనగ, కుసుమ యాసంగి పంటలు. అత్యధిక సేద్యం వాన మీదనే. మంజీర ఈ ప్రాంతాన్ని ఒరుసుకునే పారుతుంది. కానీ 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు నిజామాబాద్ పొలాలకు పోయాయి. తర్వాత కట్టిన సింగూరు నీళ్ళు హైదరాబాదు కుళాయిలకు పోయాయి. సింగూరు నుంచి నారాయణఖేడ్ పొలాలకు నీళ్ళెత్తే బసవేశ్వర పథకానికి శంకుస్థాపన జరిగింది 2022 ఫిబ్రవరి 21న. ఏరు పక్కనే ఉన్నా చేను ఎండే ప్రాంతం ఇది.

ఈ ఊళ్ళల్లో మాల మాదిగలకు భూమి ఎట్లా వచ్చింది? కొంత ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన ఇనాం. చావు కబురు మోసినందుకు, డప్పు కొట్టినందుకు, సర్కారు సవారీ వస్తే వెంట ఉరికినందుకు దక్కిన తుండు భూమి. కొంత లావుణి పట్టా, అంటే సర్కారు అసైన్ చేసిన బంజరు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సర్కారు చేతిలో బంజరుగా మిగిలిన భూమి ఎట్లాంటిది? రేగడినంతా పటేళ్ళు, పట్వారీలు, జాగీర్ల కింది పెద్ద రైతులు పట్టా చేయించుకున్నాక, ఎవరూ వద్దనుకున్నది. రాళ్ళ గుట్ట పక్కది, మొరం తేలింది, వాన పడితే గంటలో ఆరిపోయేది. దళితుడి కమతం పంపకాల వల్ల తరతరానికీ చీలి చిన్నదైన కమతం కాదు. పుట్టుకతోనే చిన్నగా, చెడ్డగా ఇచ్చిన కమతం.

మంచి భూమిని దున్నుకుంటున్న కౌలుదార్లకేమైంది? 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను సృష్టించింది. ఆ చట్టం అమలు మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఎ.ఎం. ఖుస్రో చేసిన అధ్యయనం 1958లో వచ్చింది. రక్షిత కౌలుదార్లుగా నమోదైన ప్రతి నూరుమందిలో కొన్నేండ్లలోనే దాదాపు 22 మందిని చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టారు. దాదాపు 18 మంది 'స్వచ్ఛందంగా' భూమి వదులుకున్నారు. భూమిని కొనుక్కోగలిగినవాళ్ళు 12 మందే. దొర ముందు నిలబడి వేలిముద్ర వేసేవాడి స్వచ్ఛందం ఏపాటిదో మనకు తెలియంది కాదు.

అదే హైదరాబాద్ రాష్ట్రంలో, నారాయణఖేడ్ అవతలి మరాఠ్వాడాలో 1953లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ కార్యకర్తలు సర్కారు బంజర్ల కోసం సత్యాగ్రహం చేసి జైళ్ళకు పోయారు. తెలంగాణ భూమి చరిత్ర అంటే సాయుధ పోరాటం ఒక్కటే గుర్తొచ్చే మన పుస్తకాల్లో ఈ పోరాటానికి నాలుగు పంక్తులు కూడా దొరకవు.

అదును ఎవరి చేతిలో ఉంది

ఇప్పుడు రెండో వాదానికి వద్దాం. 1950లలో జరిగిన వ్యవసాయ యాజమాన్య సర్వేలను చూసి అమర్త్య సేన్ 1962లో ఒక విషయం ఎత్తిచూపారు. కమతం పెరిగేకొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోంది. ఎందుకు? పెద్ద రైతు కూలి ఇచ్చి పని చేయించాలి గనుక కూలి గిట్టినంతవరకే చేయిస్తాడు. చిన్న రైతు ఇంటోళ్ళ రెక్కలకు కూలి కట్టుకోడు గనుక చేనులో ఇంకా ఎక్కువ శ్రమ పోస్తాడు. కాదు, చిన్న కమతాలు సారవంతమైన నేలల్లో ఎక్కువగా ఉన్నాయి గనుకనే ఈ తేడా అని మరికొందరు జవాబు చెప్పారు. ఈ చర్చ మీద అర్థశాస్త్రంలో ఒక గ్రంథాలయమే తయారైంది.

నారాయణఖేడ్ లావుణి భూమి మీద పెడితే ఈ రెండు వివరణలూ నిలబడవు. నేల సంగతి పైన చూశాం, ఇక్కడ దళితుడి కమతం చిన్నది కూడా, సారం లేనిది కూడా. ఇక శ్రమ సంగతి. మాదిగ కుటుంబానికి రెక్కలున్నాయి, నిజమే. కానీ ఆ రెక్కలు అదునుకు ఎవరి చేనులో ఉన్నాయి?

మెట్ట సేద్యానికి ప్రాణం అదును, పదును. రేగడి నేల తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, కాబట్టి రేగడి రైతు నిదానంగా విత్తుకోవచ్చు. ఎర్ర చెలక, మొరం నేల తడిని నిలుపుకోవు. వాన పడ్డ రెండు మూడు రోజుల్లో దుక్కి, విత్తనం అయిపోవాలి. అంటే చెడ్డ నేల ఉన్నవాడికే ఎద్దులు, నాగలి, గొర్రు అందరికన్నా ముందు కావాలి. ఊళ్ళో అవి అతనికే లేవు! ఎద్దులున్న ఆసామి మొదట తనది దున్నుకుంటాడు, తర్వాత తన వాళ్ళది, ఆఖరుకు కిరాయికి. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది. వరుస మాత్రం మారలేదు, పైగా కిరాయి నగదుగా ముందే పెట్టాలి. ఆ నగదు కోసం దళిత స్త్రీ ఆ రెండు మూడు రోజులూ పెద్ద రైతు చేనులో కూలికి పోతుంది. తన చేను దగ్గరికి వచ్చేసరికి పదును ఆరిపోతుంది. కలుపు తీసేటప్పుడూ ఇదే కథ.

సేన్ లెక్కలో చిన్న రైతు తన శ్రమకు తానే యజమాని. వెట్టి, జీతం, అప్పు అనే మూడు తాళ్ళతో కట్టేసిన చోట ఆ యజమాని లేడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. జీతం ఉండుడు పోయి అడ్వాన్సు తీసుకునుడు వచ్చింది. దసరా దాటినంక నారాయణఖేడ్ తండాల నుంచి, దళితవాడల నుంచి చెరుకు కోతకు బయలుదేరే జంటలు తీసుకునేది ఈ అడ్వాన్సే. యాసంగి జొన్న చేనులో పని ఉన్న నెలల్లోనే వాళ్ళు పరాయి జిల్లాల్లో, పరాయి రాష్ట్రాల్లో గుడిసెలు వేసుకుని చెరుకు కొడుతుంటారు. 'చిన్న రైతు సామర్థ్యం' గురించి రాసేవాళ్ళు ఈ ఎకరాన్ని ఏ ఖాతాలో వేస్తారు?

చిరుధాన్యాల సంబరం

ఇదే మాటను రుజువు చేసే ఉదాహరణ మంజీరకు అవతల జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. 1983 నుంచి అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత స్త్రీల సంఘాలు పని చేస్తున్నాయి. ఆ స్త్రీల కుటుంబాలకు పట్టా భూములున్నా చాలావరకు పడావుగా ఉండేవి. పైగా రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినంక జొన్నకు విలువ పడిపోయింది. 1990ల నడుమ సంఘాలు ముప్పైకి పైగా ఊళ్ళల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చాయి. ఎట్లా? కొత్త భూమి పంచలేదు. ఎకరాకు ఇంత అని దుక్కికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు విడతలవారీగా అప్పు ఇచ్చారు. ఆ అప్పును స్త్రీలు నగదుగా కాక జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిలవ చేసి నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. భూమి అదే, వైశాల్యం అదే, మనుషులు వాళ్ళే. మారింది మిగతా సాధనాలు, అవి అందిన అదును. అంబేడ్కర్ 1918 నాటి సూత్రానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కానీ ఈ అనుభవం లోకానికి చేరిన తీరు చూడండి. విత్తనాల బుట్టలు పట్టుకున్న దళిత స్త్రీల ఫొటోలు చేరాయి. జీవవైవిధ్యం చేరింది, అవార్డులు వచ్చాయి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకప్పుడు మాలమాదిగల కూడు అని తీసిపారేసిన కొర్రలు, సామలు నగరంలో షుగరు పేషెంట్ల కోసం అందమైన ప్యాకెట్లలో అమ్ముడవుతున్నాయి. భూమి ప్రశ్న మాత్రం ప్యాకెట్టు మీదికి ఎక్కలేదు. ఆ స్త్రీల జ్ఞానాన్ని మెచ్చుకునే సభల్లో వాళ్ళ పట్టా ఎవరి పేరున ఉందని, మంచి రేగడి ఎవరి కింద ఉందని అడిగేవాళ్ళు అరుదు. దళిత స్త్రీ బండ నేలలో కొర్ర పండించడం ఆమె నైపుణ్యమే. కానీ ఆమెకు బండ నేలే మిగలడం సంస్కృతి కాదు, దోపిడీ. ఆ రెంటినీ కలిపి పూజించేవాళ్ళతో మనకు జాగ్రత్త అవసరం.

ఎకరాల లెక్కన సాయం

సర్కారు లెక్క ఎట్లా ఉంది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం 1 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలకు కొద్దిగా తక్కువ. దేశంలో మొత్తం సగటు 1.08 హెక్టార్లయితే దళితుల సగటు 0.78 హెక్టార్లే. ఇది భూమి ఉన్నవాళ్ళ సగటు. భూమే లేనివాళ్ళు ఈ లెక్కలోకే రారు.

2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇచ్చే పథకం మొదలైంది. కాగితం మీద దాని ఆలోచన మంచిదే. భూమితో పాటు నీటి వసతి, మొదటి ఏడాది సాగు ఖర్చు కూడా అందులో ఉన్నాయి. మిగతా సాధనాలను లెక్కలోకి తీసుకున్న పథకం అది. కానీ మిగులు భూమిని బయటికి తీయకుండా బజారులో కొని పంచాలనుకుంది. 1973 భూసంస్కరణల చట్టాన్ని బినామీలకు, దొంగ విడాకులకు బలిచ్చిన రాష్ట్రంలో, అదే భూస్వాముల దగ్గర మార్కెట్ ధరకు కొనాల్సి వచ్చింది. అమ్మేవాడు మంచి భూమి ఎందుకు అమ్ముతాడు? కొన్ని వేల కుటుంబాల దగ్గరే పథకం ఆగిపోయింది. 2021లో దళితబంధు వచ్చి, భూమి మాట పోయి పది లక్షల యూనిట్ మాట వచ్చింది.

2018లో వచ్చిన రైతుబంధు ఇంకో రకం. ఎకరాకు పంటకు మొదట 4,000, తర్వాత 5,000 రూపాయలు. ఒక ఎకరం లావుణి పట్టా ఉన్న మాదిగ రైతుకు 5,000 లెక్కన ఏడాదికి పదివేలు. యాభై ఎకరాల ఆసామికి ఐదు లక్షలు. కౌలుకు దున్నేవాడికి సున్నా. సాయాన్ని ఎకరాలతో గుణించడమంటే ఉన్న అసమానతను ఖజానా డబ్బుతో గుణించడమే. 2025 జనవరిలో ఇది రైతు భరోసాగా మారి ఎకరాకు పంటకు 6,000 అయింది. భూమిలేని ఉపాధి కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. భూమిలేనివాడు కూడా సేద్యంలో భాగమేనని సర్కారు ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ ఒప్పుకోలు విలువ సరిగ్గా ఒక్క ఎకరం! భూమిలేని కుటుంబం మొత్తానికి దక్కేది, ఆసామి యాభై ఎకరాల్లో ఒక్క ఎకరానికి దక్కేది సమానం.

పరిశ్రమ మందు పని చేసిందా

ఇప్పుడు అంబేడ్కర్ మందునూ పరీక్షించాలి. మిగులు శ్రమ పరిశ్రమకు పోతే భూమి మీద భారం తగ్గుతుందన్నారు ఆయన. నారాయణఖేడ్‌కు పటాన్‌చెరు పారిశ్రామికవాడ దూరం కాదు, హైదరాబాదూ దూరం కాదు. శ్రమ పోయింది. కానీ ఎట్లా పోయింది? అడ్డా కూలీగా, సెంట్రింగ్ కూలీగా, వాచ్‌మన్‌గా. పర్మనెంటు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, ముసలితనంలో ఆసరా లేదు. అందుకే ఆ కూలీ ఊళ్ళో ఎకరాన్ని వదలడు, వదిలితే నిలబడటానికి చోటుండదు. నగరం అతని రెక్కలను వాడుకుని, అతన్ని పోషించే భారాన్ని ఆ బండ ఎకరం మీదనే వేసింది. కమతాలు పెరగలేదు, పడావు పెరిగింది.

పరిశ్రమే ఊరికి వస్తే? న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం 12,635 ఎకరాలు సేకరించాలని నిర్ణయించారు. అందులో అసైన్డ్ భూములున్నాయి. అసైన్డ్ భూమిని సర్కారు తీసుకున్నా పట్టా రైతుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పి ఉంది. అయినా భూమి ధర చర్చల్లో లావుణి రైతు చివరనే నిలబడతాడు. ఇక భూమిలేని కూలీ? 2013 భూసేకరణ చట్టం అతనికీ పునరావాసం ఇవ్వాలంది. దాన్ని తప్పించి నేరుగా భూములు కొనడానికి 2015లో 123 నంబరు జీవో తెచ్చారు. కూలీలు కోర్టుకు పోతే 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తర్వాత సర్కారు చట్టాన్నే సవరించుకుంది.

అంటే పరిశ్రమ మందు తప్పని కాదు. కులం ఉన్న ఊరి నుంచి కులం ఉన్న నగరానికి శ్రమ పోతే, విముక్తి దానంతటదే రాదని 1918 వ్యాసం ఊహించలేదు. అంబేడ్కర్ కూడా అక్కడే ఆగలేదు. 1947లో 'రాష్ట్రాలు-మైనారిటీలు' అనే రాజ్యాంగ ప్రతిపాదనలో భూమిని రాజ్యం పరం చేసి, కుల మత భేదం లేకుండా ఊరివాళ్ళకు సమష్టి సేద్యానికి ఇవ్వాలన్నారు. పనిముట్లు, పశువులు, విత్తనాలు కూడా రాజ్యమే సమకూర్చాలన్నారు. 1918లో ఉత్పత్తి సూత్రంగా చెప్పిన 'మిగతా సాధనాలు' 1947కు హక్కులయ్యాయి. కమతాల సమస్యను కులం సమస్యగా చదివిన అంబేడ్కర్ ఈ రెండో అంబేడ్కర్. మనకు ఇద్దరూ కావాలి.

ఏం అడగాలి

దళిత ఉద్యమం ఇన్నాళ్ళూ ఎకరాలు అడిగింది. అడగాల్సిందే, ఇంకా అడగాలి. కానీ వట్టి ఎకరం అడిగితే సర్కారు వట్టి ఎకరమే ఇస్తుంది, అదీ ఊరు వద్దన్నది. ఇక మీదట లెక్క అడిగే తీరు మారాలి. ఊరూరా రేగడి ఎంత, ఏ కులం కింద ఎంత? బోర్లు, చెరువు కింది మళ్ళు ఎవరివి? లావుణి పట్టాల్లో ఎన్ని సాగులో ఉన్నాయి, ఎన్ని పడావుగా ఉన్నాయి, ఎందుకు? ఎన్ని పరుల చేతికి పోయాయి? అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించిన 1977 చట్టం కింద ఎన్ని వెనక్కి వచ్చాయి? పట్టాల్లో స్త్రీల పేరున ఎన్ని? వాన పడ్డ మూడు రోజుల్లో దళితవాడకు అందిన నాగళ్ళు, ట్రాక్టర్లు ఎన్ని? ఈ లెక్క ఏ గణన పుస్తకంలోనూ లేదు. దాన్ని రాయాల్సింది మన విద్యార్థులు, మన టీచర్లు, మన సంఘాలు. ఒక్క మండలంతో మొదలుపెట్టినా చాలు.

సాయం సంగతి కూడా తేల్చాలి. అది ఎకరాలను బట్టి కాక, లేమిని బట్టి పోవాలి. ఎద్దులు లేనివాడికి దుక్కి, నీళ్ళు లేనివాడికి నీళ్ళు, పట్టా లేనివాడికి పట్టా, ఇవన్నీ అదునుకు రావాలి. మంజీర నీళ్ళు ఎప్పుడైనా నారాయణఖేడ్‌కు ఎక్కితే, ఆ కాలువ మొదట రేగడి ఆసామి చేనుకు పోతుందా, గుట్ట పక్క లావుణి భూమికి పోతుందా అన్నది ఇంజనీరు నిర్ణయించే విషయం కాదు. కాలువ గీత గీసేటప్పుడే అడగాలి. గీశాక అడిగితే అదును దాటినట్టే.